ఉలిగమ్మ దించిన గంప

ఎప్పటి ముచ్చటో అడగకండి, చెప్పేవాళ్లకే తెలియదు. కొండలు ఇంకా చిన్నపిల్లలుగా ఉన్న కాలమని కొందరంటారు, అంత వెనక్కి పోనక్కర్లేదని ఇంకొందరంటారు. ఆ కాలంలో ఆ కొండల కింద గవ్వలదిన్నె అనే ఊరుండేది. ఆ ఊళ్లో ఉలిగమ్మ అనే మనిషి ఉండేది. ఆమె పని మన్ను మోయడం.

మన్ను మోయడం కూడా ఒక పనేనా అని నవ్వకండి. గవ్వలదిన్నెలో ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. రాతి గోడలు, గోడల మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, కట్టెల మీద ఆకూ అలమూ, ఆపైన మన్ను. అది మామూలు మన్ను కాదు, చౌడు. ఊరికి పడమరగా గడ్డి కూడా మొలవని చౌటినేల ఉంది. అక్కడి తెల్లటి మన్ను తడిస్తే బిగుసుకుపోయి చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. అందుకని ఏటా తొలకరికి ముందు ప్రతి మిద్దె మీదా కొత్త చౌడు పరిచేవాళ్లు. ఉలిగమ్మ తవ్వేది, జల్లించేది, గంపకెత్తి నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కేది. ఊరివాళ్లు గింజలు కొలిచేవాళ్లు. ఆమె బతుకు అది.

చౌడు వేయడమే గానీ తీయడం ఆ ఊరికి తెలియదు. తాత వేసిన మన్ను మీద తండ్రి వేసేవాడు, తండ్రి వేసిన దాని మీద కొడుకు వేసేవాడు. మిద్దె ఎంత మందమైతే ఇంటికి అంత పరువు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు పెళ్లికొడుకు మొహం చూడకముందే మిద్దె ఎక్కి, కర్ర గుచ్చి లోతు చూసేవాళ్లు. కర్ర మూరెడు దిగితే కళ్లెగరేసేవాళ్లు. వాళ్ల లెక్కలు వాళ్లవి, మనమేమంటాం.

మిద్దె మీది మన్ను దించేది ఒక్క చావుకే. ఇంటి మనిషి పోయినా, ఆ ఇంటికి దూలమెత్తిన వడ్రంగి పోయినా, గోడ పెట్టిన మేస్త్రీ పోయినా, ఆ ఇంటి మీద చెయ్యిపడ్డ ఎవరు పోయినా, వాళ్ల పేరు చెప్పి ఒక గంప దించి సమాధి మీద పోసేవాళ్లు. ఊరికే గంప దించితే చావును చేయి పట్టి పిలుచుకొచ్చినట్టేనని భయం.

చౌడు జల్లిస్తే తెల్లటి దుమ్ము లేస్తుంది. పొద్దు గుంకే వేళ ఆ దుమ్ము వెనక సూర్యుడు మెత్తబడతాడు. ఊరివాళ్లు ఆయనకు దండం పెట్టినవాళ్లే గానీ ఆయన మొహం చూసినవాళ్లు కాదు. ఉలిగమ్మ చూసింది. చిన్నప్పుడు ఒకసారి ఆ మొహం మీద నువ్వుగింజంత నల్లమచ్చ కనబడింది. ఆ ఏడు నడి వేసవిలో వానలు పడ్డాయి. వానలు వెలిసిన ఒక పగలు భూమి కదిలింది. చౌటినేలలో జల్లెడ పట్టుకున్న పిల్ల కాళ్లు నిలవక కూలబడి, లేచి, దుమ్ము దులుపుకుంది. ఇంట్లో వంట చేస్తున్న వాళ్లమ్మ మీద మిద్దె పడింది.

ఊళ్లో కూలింది ఆ ఒక్క ఇల్లే. బీదవాళ్ల మిద్దె, పలచన కాబట్టి కూలిందని ఊరు తేల్చేసింది. ఆ ఏడు అందరూ మరో వరుస చౌడు ఎక్కువ వేయించుకున్నారు. తల్లిని పోగొట్టుకున్న పిల్లే ఆ గంపలు మోసింది.

అప్పటినుంచీ ఉలిగమ్మ మనసులో ఒక మాట ఉండిపోయింది. "సూర్యుడికి నలత చేస్తే వానకు దారి తప్పుతాది. వానకు దారి తప్పితే భూమికి నిద్ర చెదురుతాది. అవునో కాదో నాకు తెల్దు. నేను చూసింది అది," అనేది. ఎవరడిగినా అంతే చెప్పేది, ఒక ముక్క కలిపేది కాదు.

ఆమె పెరిగింది, పెళ్లయింది, ముండమోసింది. ఒక్క కూతురు గిడ్డక్కను అదే ఊళ్లో బజారప్ప కొడుక్కు ఇచ్చింది. తమవాళ్లలో బజారప్ప మిద్దెంత మందమైన మిద్దె ఇంకొకటి లేదు. ఆయన మీసం కూడా ఆ మిద్దెను చూసుకునే మెలేసేవాడు. ఆ మన్నంతా తాను మోసిందేనని ఉలిగమ్మకూ లోపల ఒక మురిపెం ఉండేది.

ఒక సాయంత్రం దుమ్ము వెనక మళ్లీ ఆ నల్లమచ్చ కనబడింది. ఆమె గంప అక్కడే వదిలేసి ఊళ్లోకి పోయింది. ఊరి పెద్ద నల్లారెడ్డితో ఇంత చూశానని, ఇంతే తెలుసునని చెప్పి, కొన్నాళ్లు అందరూ ఆరుబయట పడుకుంటే మేలని బతిమాలింది. సూర్యుడి మాట కదా, రెడ్డికి కాదనడానికి ధైర్యం చాలలేదు. ఊరంతా చాపలు తీసుకుని కల్లాల్లోకి పోయింది. వెన్నెల వచ్చింది, పోయింది. వాన లేదు, భూమి కదల్లేదు. చాపలు చుట్టుకుని ఇళ్లకు పోతూ ఆమెను ఆటపట్టించారు. ఏమే ఉలిగీ, మీ సూర్యుడికి నలత తగ్గిందా అని అడిగినవాళ్లే అందరూ. ఆమె కూడా నవ్వింది. తగ్గింది కదా, అదే చాలనుకుంది.

మరుసటేడు మచ్చా వచ్చింది, నడి వేసవిలో వానా వచ్చింది. ఉలిగమ్మ జల్లెడ పక్కన పెట్టింది. ఈసారి ఇల్లిల్లూ తిరిగింది. సగం ఊరు నమ్మి, గొంగళ్లు కప్పుకుని జల్లుల్లో బయట పడుకుంది. భూమి కదల్లేదు. పిల్లలకు దగ్గులొచ్చాయి, జ్వరాలొచ్చాయి. తల్లులు ఆమెను వాకిట్లో నిలబెట్టి కడిగేశారు. ఆమె ఎదురు మాట్లాడలేదు. మిరియాల కషాయం కాచి, ముంతలో పోసుకుని, తిట్టిన ప్రతి ఇంటికీ తీసుకుపోయింది. పిల్లలు కోలుకునేదాకా ఆ తిట్లూ తింది, ఆ కషాయమూ పోసింది. అట్లాంటి మనిషి ఆమె.

ఆ దారి తప్పిన వానకు మిద్దెలన్నీ కారాయి. మరి కారితే ఎవరిని పిలుస్తారు? ఉలిగమ్మనే పిలిచారు. చౌడు వేయమన్నారు, చాలదు ఇంకా వేయమన్నారు, ఎందుకైనా మంచిది మూడో వరుస కూడా వేయమన్నారు. ఆమె మోసింది. అందరికంటే ఎక్కువ బజారప్ప వేయించుకున్నాడు. అప్పటికి గిడ్డక్క బాలింత. పసిబిడ్డ ఉయ్యాల మిద్దె కింది దూలానికే వేలాడుతోంది.

ఉలిగమ్మ ఆ మిద్దె మీద ఒక గంప పోసింది. కింద దూలం కిర్రుమంది. రెండో గంప పోసింది. మళ్లీ కిర్రుమంది. మూడో గంప నెత్తిన ఉండగా లోపలినుంచి గిడ్డక్క గొంతు వినబడింది.

"అమ్మా, రోంత ఆగుమా. ఉయ్యాలలోకి మన్ను రాలతాంది."

ఉలిగమ్మ అక్కడే కూచుండిపోయింది. సూర్యుడు వానను పంపాడో లేదో తెలియదు. వాన భూమిని లేపుతుందో లేదో తెలియదు. వాన పడితే మిద్దె మీదికి మన్ను ఎక్కుతుందని మాత్రం తెలుసు, ఎక్కించేది తన నెత్తేనని తెలుసు. తల్లిని చంపింది భూమి కాదు, సన్నటి దూలాలు మోయలేకపోయిన మిద్దె మన్ను. ఇన్నేళ్లూ తాను సూర్యుడి మొహమే చూసింది గానీ తన గంప వైపు చూసుకోలేదు. ఆ మాట తోచేసరికి ఆమె లేచింది. మూడో గంపను మిద్దె మీద పోయకుండా నెత్తిన పెట్టుకుని దిగివచ్చింది.

ఇక మీదట ఎక్కించేది లేదని, ఉన్నదాంట్లోంచి దించుకోవాలని ఆమె ఊరందరికీ చెప్పింది. అది విని ఊరు భగ్గుమంది. చావులేని ఇంట గంప దించమంటుందా, తాతలు వేసిన మన్ను తీసేయమంటుందా అని చావడిలో పెద్ద రచ్చయింది. నల్లారెడ్డి తీర్పు చెప్పేశాడు. ఉలిగమ్మను ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు, ఎవరూ గడప తొక్కనివ్వకూడదు, ఎవరూ పని ఇవ్వకూడదు. చౌడు మోయడానికి పొరుగూరి కూలీలను పిలిపిద్దామనుకున్నారు.

ఆమె కొన్నాళ్లు చౌటినేలలోనే గడిపింది. తర్వాత ఒక పొద్దున, చావడి నిండా జనమున్నప్పుడు వచ్చి రెడ్డి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"రెడ్డీ, నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గడప తొక్కనిచ్చేవాళ్లు లేరు. పిడికెడు గింజలు పెట్టేవాళ్లు లేరు. ఇంక చచ్చినోళ్లకూ నాకూ తేడా యాడుంది? ఈ ఊర్లో నా చెయ్యి పడని మిద్దె లేదు. చచ్చినదాని గంప నాకిప్పించండి."

నల్లారెడ్డి కోపిష్టే గానీ చెడ్డవాడు కాదు. తన తీర్పు తనకే ఎదురొచ్చి నిలబడితే ఏం చేయాలో తెలియక గడ్డం గోక్కున్నాడు. చివరికి, చచ్చినవాళ్లకు ఒక్క గంపే కదమ్మే అన్నాడు.

"నేను ఎక్కించింది ఒక్క గంపేనా రెడ్డీ?" అంది ఉలిగమ్మ.

పెద్దలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. సరే, నువ్వు చచ్చినదానివే అన్నారు. నీ నెత్తి మోసినంత నువ్వే దించుకో, ఊరికి చావు తగలదు, ఎందుకంటే చావు నీ రూపంలో అయిపోయింది అన్నారు. కానీ చచ్చినవాళ్లు చచ్చినట్టే ఉండాలి. మాట్లాడకూడదు. ఆమెతో ఎవరూ మాట్లాడరు. కూతుర్ని ముట్టుకోకూడదు, మనవణ్ణి ఎత్తుకోకూడదు. ఒప్పుకుంటే గంప ఎత్తుకో అన్నారు.

ఆమె కాసేపు ఆగమని, బజారప్ప ఇంటి ముందుకు పోయింది. గడప తొక్కలేదు. వీధిలోంచి లోపలి ఉయ్యాల వైపు చూసింది. గుడ్డ అంచులోంచి బిడ్డ కాలొకటి బయటికొచ్చి ఆడుతోంది. దాన్ని కడుపునిండా చూసుకుని చావడికి తిరిగొచ్చి తల ఊపింది. మాట్లాడలేదు. అప్పటికే చచ్చిపోయింది మరి.

అట్లా ఒక చచ్చిన మనిషి గవ్వలదిన్నె మిద్దెల మీద పని మొదలుపెట్టింది. పొద్దున్నే వచ్చేది, నిచ్చెన ఎక్కేది, పాత చౌడు తవ్వేది, గంపకెత్తి దించేది. తీసుకుపోయి చౌటినేలలో పోసేది. మళ్లీ వచ్చేది. ఎదురైనవాళ్లు చూడనట్టే తప్పుకునేవాళ్లు. పిల్లలు దయ్యమని మొదట పారిపోయారు, తర్వాత వెనకాలే నడిచారు. చచ్చినవాళ్లకు పెట్టినట్టే గోడ మీద ముద్ద పెట్టేవాళ్లు. మొదట్లో వెటకారంగా పెట్టారు. పోనుపోను ఆ ముద్దల మీద నెయ్యి కనబడసాగింది.

ఎందుకంటే ఇళ్లలో మార్పు తెలిసింది. ఏళ్లుగా పట్టేసి భుజంతో నెడితే గానీ తెరుచుకోని తలుపులు చేత్తో తెరుచుకున్నాయి. వంగిన దూలాల కింద మొగవాళ్లు తల వంచకుండా నడిచారు. వాన ఆపడానికి పైన పలచటి పొర ఒకటి ఉంచి, దాన్ని ఆమె కాళ్లతో తొక్కి గట్టి చేసేది. చిత్రం, ఆ ఏడు వానలకు ఆ పలచటి పొరే కారకుండా నిలిచింది.

అన్ని ఇళ్లూ అయ్యాయి. రెడ్డి ధాన్యపు కొట్టూ బజారప్ప ఇల్లూ మిగిలాయి. ఆమె కొట్టును వదిలేసి బజారప్ప ఇంటికి పోయింది. ఆయన నిచ్చెన తీసి లోపల పెట్టేశాడు. మా ఇంట ఎవరూ చావలేదు, కోడలు బిడ్డతల్లి, పసిబిడ్డ ఉన్న ఇంట చావు మాటేంది అన్నాడు. ఆయన భయమూ అబద్ధం కాదు, ఆ మిద్దె మీద పరువూ అబద్ధం కాదు. ఉలిగమ్మ నోరు తెరిచి చెప్పుకోవడానికి లేదు. ఖాళీ గంపతో వీధికి అవతల నిలబడింది. మరునాడూ నిలబడింది. ఆ మరునాడూ నిలబడింది.

అప్పుడు గిడ్డక్క లోపలినుంచి వచ్చింది. బిడ్డను భర్త చేతిలో పెట్టి, జుట్టు విప్పుకుని, గడప మీద కూచుంది. ఎదురుగా నిలబడ్డ తల్లిని చూస్తూనే గుండెలు బాదుకుని శోకం ఎత్తుకుంది.

"మన్ను మోసి నన్ను సాకితివే మాయమ్మా. నా బిడ్డ మీద మన్ను పడనీకుండా పోతివే మాయమ్మా. ఒక్కసారి నా బిడ్డ నెత్తుకోకనే పోతివే మాయమ్మా."

బతికున్న తల్లికి శోకం చెప్పడమంటే ఆ పిల్లకు గొంతు కోసుకున్నట్టే. అయినా ఆపలేదు. వీధంతా బయటికొచ్చింది. గడప మీద శోకం లేచాక ఆ ఇంటివాడు చావు లేదనడానికి వీల్లేదు, అది ఆ ఊరి కట్టు. చచ్చినవాళ్లు ఏడవకూడదు, అదీ కట్టే. ఉలిగమ్మ ఏడ్చింది. ఎవరూ తప్పు పట్టలేదు. బజారప్ప లోపలికి పోయి, నిచ్చెన తన భుజం మీద మోసుకొచ్చి, తన చేత్తోనే గోడకు ఆనించాడు.

ఆ మిద్దె పని ముగిసింది. ఉలిగమ్మ చౌటినేలకు పోయి, కాస్త నడుము వాల్చింది. వానల ముందటి కాలం, నడి మధ్యాహ్నం. ఎండకు జనమంతా ఇళ్లలో ఉన్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. సూర్యుడు తోమిన పళ్లెంలా ఉన్నాడు. అప్పుడు భూమి కదిలింది.

తిరగలి తిప్పినట్టు కిందినుంచి మోత వచ్చిందట. గోడలు పగిలాయి, కుండలు దొర్లాయి, దూలాలు ఊగాయి. గిడ్డక్క చూస్తుండగానే ఉయ్యాల తనంతట తాను ఈ గోడకూ ఆ గోడకూ ఊగింది. బిడ్డను లాక్కుని తేలిగ్గా తెరుచుకున్న తలుపులోంచి వీధిలో పడింది. అన్ని ఇళ్లలోంచీ అట్లాగే పడ్డారు. మిద్దెలు ఊగాయి, నిలిచాయి. ఒక్క రెడ్డి ధాన్యపు కొట్టు మాత్రం తాతలనాటి మన్నంతా వేసుకుని ఒక్క ఊపున నేలకు దిగింది. లోపల ఎవరూ లేరు. దుమ్ము అణిగాక ఊరంతా ఆ మన్నుగుట్ట చుట్టూ నిలబడి చూసింది. ప్రతివాళ్లూ తమ ఇంటి వైపు తిరిగి చూసుకున్నారు.

ఆపైన అందరూ చౌటినేలకు పరుగెత్తారు. ఉలిగమ్మ గంప పక్కన కూచుని ఉంది. నల్లారెడ్డి పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. బజారప్ప వదినా అని పిలిచాడు. పలకలేదు. చచ్చినవాళ్లు పలకరు, ఆమె ఇచ్చిన మాట అది. గిడ్డక్క పిలవలేదు. వచ్చి బిడ్డను తల్లి ఒడిలో పడుకోబెట్టింది.

ఉలిగమ్మ బిడ్డ తల నిమిరింది. "నెత్తి నిండా దుమ్మే నాయనా," అని వేళ్లతో దులిపింది. ఆమె మళ్లీ బతికింది ఆ మాటతోనే.

నల్లారెడ్డి చేతులు కట్టుకుని, అమ్మా, నీ సూర్యుడు చెప్పినట్టే అయిందన్నాడు. ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది.

"లేదు రెడ్డీ. ఈ తూరి ఆయన మొగం మీద ఏమీ లేదు, వానా లేదు. ఆయనకూ భూమికీ ఏం మాటలుండాయో నాకు అప్పుడూ తెల్దు, ఇప్పుడూ తెల్దు. మన నెత్తి మీది బరువు మనకు తెలుసు కదా. అది దించుకుంటే సాలు."

ఇంకొకరైతే అంతా నాకు ముందే తెలుసని గద్దెక్కి కూచునేవాళ్లు. ఊరు ఎక్కించడానికి సిద్ధంగానే ఉంది. ఆమె ఎక్కలేదు.

ఉలిగమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికి, మనవడి పెళ్లి చూసి, నిజంగా పోయింది. ప్రతి ఇంటివాళ్లూ ఆమె గంప దించడానికి నిచ్చెనలు వేశారు. పైన వాన ఆపే పలచటి పొర తప్ప దించడానికి ఏమీ లేదు. తన గంపలన్నీ ఆమె ముందే తీసుకుపోయింది. ఊరికి అంత మేలు చేసిన మనిషి సమాధి పిడికెడు మన్నుకు నోచుకోలేదని అందరూ కుమిలిపోయారు. మరుసటేడు తొలకరి ముందు ముసలి బజారప్ప కొత్త చౌడు ఎక్కించబోతూ ఆగి, ముందు పాతది ఒక గంప దించి, వణుకుతూ మోసుకుపోయి ఆమె సమాధి మీద పోశాడు. చూసినవాళ్లంతా అదే చేశారు.

ఇప్పటికీ చేస్తారు. ఎక్కే గంపకు ముందు ఒక గంప దిగాలి, దాని పేరు ఉలిగమ్మ గంప. మట్టి మిద్దెలు పోయి సిమెంటు ఇళ్లొచ్చినవాళ్లు కూడా పైన పడేసిన పాత సామాను గంపెడు దించి, చారెడు మన్నైనా తీసుకుపోతారు. ఆ సమాధి పెరిగి పెరిగి దిబ్బయింది, ఇళ్లకంటే ఎత్తు. సూర్యుడికీ భూకంపానికీ ఏమైనా సంబంధముందా అని ఆ దిబ్బ మీద కూచుని వాదించుకునేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. వాదన ముదిరితే ఎవరో ఒకరు, ముందు మీ ఇంట్లో గంప దించినారా అని అడుగుతారు. అంతటితో అందరూ లేస్తారు.

గంపలు పోసే రోజున ఊరంతా దిబ్బ ముందు నిలబడి, ఒకప్పుడు పిలవకూడదన్న ఆ పేరును గొంతెత్తి పిలుస్తుంది. ఉలిగమ్మా అని మూడుసార్లు పిలుస్తారు. ఊళ్లోకెల్లా పెద్ద ముసలమ్మను ముందే దిబ్బ వెనక కూచోబెట్టి ఉంటారు. మొదటి పిలుపుకు ఆమె పలకదు. రెండో పిలుపుకూ పలకదు. మూడో పిలుపుకు, ఒడిలో ఎవరి పసిబిడ్డనో పెట్టుకుని, "ఓ, యాడికి పోలేదు, ఈన్నే ఉండా. ఇంగొక గంప దించండి," అంటుంది. అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయి, ఇంకొక గంప దించుతారు.